ధైర్యం వేసిన రెండో తాళం

కరెంటు ఆఫీసులో అతన్ని అందరూ ధైర్యం అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే అతను కూడా వెనక్కి తిరిగి చూడడు. పోనీ గుండె నిబ్బరం చూసి పెట్టిన పేరా అంటే అదీ కాదు. ఒళ్ళంతా భయమే ఉన్న మనిషికి ఆఫీసువాళ్ళు వెటకారానికి తగిలించిన పేరది. భయస్తుణ్ణి చూసి నవ్వడం ఎవరైనా చేస్తారు. ఆ భయాన్ని భుజానేసుకుని రోజూ పనికి పోవడం ఏపాటి కష్టమో ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఎందుకంటే అతని పని ఎత్తుమీద. పెద్ద లైన్ల ఇనుప టవర్లు ఎక్కాలి. తీగకీ ఇనుముకీ మధ్య వరసగా గుచ్చిన పింగాణీ గిన్నెలు తుడవాలి, బోల్టులు బిగించాలి, ప్రాణాలతో దిగాలి. ఈ ఉద్యోగం మామగారు ఇప్పించాడు. పిల్లనిచ్చి ఉద్యోగం ఇప్పించాడో, ఉద్యోగం ఇప్పించి పిల్లనిచ్చాడో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. కాదనడానికి భయమేసి ధైర్యం రెండింటికీ తలూపాడు. పెళ్ళి విషయంలో మాత్రం ఏనాడూ చింతించలేదు.

ఆ మామగారికి ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉండేది. ఒకప్పుడు ఆయన టవర్ మీద ఉండగానే కింద ఎవరో తొందరపడి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి “మనిషి దిగాడు” అన్నారు. అక్కడివాళ్ళు లైను ఇచ్చి కరెంటు వదిలేశారు. ఆయన బతకడమే గొప్ప. పోయేముందు అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత ఇత్తడి తాళం చేతిలో పెట్టాడు.

“కంపెనీ తాళం కంపెనీది. ఇది నీది. ఎక్కేముందు నీ చేత్తో స్విచ్చికి వెయ్యి, దిగాక నీ చేత్తో తియ్యి. ఎవరు నవ్వినా పట్టించుకోకు,” అన్నాడు.

నవ్వడానికేం, అందరూ నవ్వారు. పనికి ముందు లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించిన అనుమతి, తీసుకోవడం ఎలాగూ పద్ధతే. ఎవరి పేరున తీసుకున్నారో ఆ మనిషే దిగి, తన నోటితో తాను దిగానని చెప్పేదాకా లైను ఇవ్వకూడదు. సబ్‌స్టేషన్‌లో స్విచ్చికి ఆపరేటర్ కంపెనీ తాళం వేస్తాడు. అది చాలదన్నట్టు దాని పక్కన ధైర్యం తన ఇత్తడి తాళం వేలాడదీసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని పోయేవాడు. అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది సొంత బావమరిదే. అతనూ లైన్‌మనే. తండ్రి చెయ్యి పోయింది కళ్ళారా చూసినవాడే, అయినా టవర్ మీద ఉయ్యాలూగేంత దుడుకు.

“చొక్కా గుండీలక్కూడా తాళాలు వేసుకో బావా, గాలికి ఊడిపోతాయేమో,” అనేవాడు.

ఇక ఈ కథకి కారణమైన గద్దల సంగతికి వస్తాను. ఇవి చేపల మార్కెట్ మీద తిరిగే చిన్నా చితకా గద్దలు కావు. ఏటిగట్టు టవర్ మీద గూడు కట్టిన జంట అది. ఆడగద్ద రెక్క విప్పిందంటే మనిషి బార చాలదు. ధైర్యం మొదటిసారి దాన్ని చూసింది టవర్ పైనే. కిందికి చూడకూడదని కళ్ళు సగం మూసుకుని ఎక్కుతూ, తీగలు వేలాడదీయడానికి టవర్ పక్కకి చాచిన ఇనుప చేతుల్లో పై చేతికి చేరి కళ్ళు తెరిస్తే ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఒక పసుపుపచ్చ కన్ను. పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా దిగాడో తెలియదు. బోల్టులన్నీ బాగానే ఉన్నాయని కింద చెప్పాడు గానీ, ఒక్క బోల్టు మీద కూడా చెయ్యి వెయ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ గూడు తోసెయ్యమన్నారు. బావమరిది పైకెక్కి గునపంతో ఒక్క తోపు తోశాడు. పుల్లలతో పాటు గుడ్లూ కిందపడ్డాయి. తాడు పట్టుకుని కింద నిలబడ్డ ధైర్యం బూట్ల మీద సొన చిందింది. వద్దురా అందామని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాడు. ఆ ఆడగద్ద చాలా రోజులు ఆ టవర్ చుట్టూ అరుస్తూ తిరిగింది. లైను వెంట నడిచి తనిఖీ చేసేటప్పుడు ఆ అరుపు వినలేక ధైర్యం చుట్టు దారిన పోయేవాడు.

మరుసటి ఏడు మళ్ళీ అదే టవర్ మీద గూడు కట్టాయి. ఈసారి ధైర్యం చుట్టు దారిన పోలేదు. గిన్నెలు చూడ్డానికి ఇచ్చిన దుర్భిణితో గూడే చూసేవాడు. పిల్ల ఒక్కటే. మిట్టమధ్యాహ్నం తల్లి రెక్కలు గొడుగులా పట్టి, తను ఎండలో నోరు తెరిచి రొప్పుతూ పిల్లకి నీడనివ్వడం చూశాడు. ఒకరోజు గాలివాన పట్టుకుంది. టవరే ఊగుతోంది. ఉరుము ఉరిమినప్పుడల్లా తల్లి తల దించుకుని ముడుచుకుపోతోంది. అది చూసి ధైర్యం వానలో అలాగే నిలబడిపోయాడు. దానికీ భయమే. అంత పెద్ద ముక్కు, అంతంత గోళ్ళు ఉన్నదానికీ భయమే! భయపడుతూనే అక్కడ కూర్చుంది, కదల్లేదు. ఆ రోజు నుంచి అది అతనికి చుట్టమైపోయింది.

చుట్టానికి ముంచుకొస్తున్న ముప్పు కూడా అతనికే ముందు కనిపించింది. గూడు సరిగ్గా తీగ చివర ఉండే గిన్నెల పైన ఉంది. రెట్ట గిన్నెల మీద పడి తెల్లగా చారలు కడుతోంది. ఏదో ఒకనాడు ఆ రెట్ట ధారలోంచే కరెంటు ఇనుములోకి దూకి, లైను ట్రిప్ అయి, ఊరు చీకటవుతుంది. అప్పుడు మళ్ళీ గునపం బయల్దేరుతుంది. ఆలోచించి ఆలోచించి, పళ్ళ అంగడి నుంచి ఒక పెద్ద తట్ట తెచ్చాడు. ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య ముందు పెట్టి, దానికి గట్టి పటకాలు కుట్టమన్నాడు. గూడుని టవర్ నడుం దగ్గరికి, తీగలకి బాగా దిగువకి దించుతానన్నాడు.

ఆమె తట్టనీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. “గద్దకి ఉయ్యాల కుట్టించే మొగుడు ఈ వీధిలో నాకొక్కదానికే దొరికాడు. మీరే ఎక్కుతారా?”

“ఎక్కుతాననే అనుకుంటున్నా.”

“మొన్న బల్లి మీద పడితే మంచమెక్కి అరిచారు!”

“బల్లి వేరు,” అన్నాడు ధైర్యం. నవ్వుతూనే ఆమె రెండు వరసల కుట్టు వేసి ఇచ్చింది.

అనుకున్నంతా అయింది. ఒక ఉదయం లైను ట్రిప్ అయింది. లైన్ ఇన్‌స్పెక్టర్ అగ్గిమీద గుగ్గిలంలా ఆఫీసుకి వచ్చాడు. “ఇవాళ లైన్ క్లియర్ తీసుకుని ఆ గూడు తోసి పారెయ్యండి. పిల్లా గిల్లా ఉంటే దాని ఖర్మ. నీళ్ళ పంపులు ఆగిపోయి ఊళ్ళోవాళ్ళు నన్ను తినేస్తున్నారు!”

బావమరిది అప్పుడే గునపం చేతిలోకి తీసుకున్నాడు. ధైర్యానికి బూట్ల మీద సొన గుర్తొచ్చింది. “నేనెక్కుతా,” అన్నాడు. ఎవరన్నారా అని అందరితో పాటు తనూ చుట్టూ చూశాడు.

సబ్‌స్టేషన్‌లో లైన్ క్లియర్ అతని పేరున ఇచ్చారు. “త్వరగా, త్వరగా,” అని వెనక ఇన్‌స్పెక్టర్ తరుముతుంటే స్విచ్చి దగ్గరికి వెళ్ళి, తన తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని, తట్ట వీపుకి తగిలించుకుని బయల్దేరాడు. టవర్ దగ్గర పద్ధతి ప్రకారం పొడుగాటి కర్రతో తీగలకి ఎర్తు గొలుసులు తగిలించాడు. పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోవడానికి ఆ గొలుసులు. ఇక పైకి పోవాలి.

కాళ్ళు వణుకుతూనే ఎక్కాయి. అరచేతులు చెమటకి జారుతున్నాయి. కింద ఏరు సన్నటి రిబ్బనులా కనబడేసరికి కళ్ళు సగం మూసుకుని కమ్మీలు తడుముకుంటూ పోయాడు. టవర్ నడుం దగ్గర తట్టని పటకాలతో బిగించి కట్టి, ఇంకా పైకి పోయాడు. గూడు అందేలోపే నెత్తి మీద ధబ్బుమని దెబ్బ. తల్లి గద్ద! హెల్మెట్ లేకపోతే బుర్ర రెండయ్యేది. రెండోసారి వచ్చినప్పుడు గోరు చొక్కా చీల్చి భుజంలో దిగింది. “అమ్మా, నీ బిడ్డకేం చెయ్యనే! నీకు దండం పెడతానే!” అని ఏడుపు గొంతుతో అరిచాడు. ఆ మాట దానికేం అర్థమవుతుంది!

పిల్ల అప్పటికే పెంపుడు కోడంత ఉంది. సగం ఈకలు, సగం నూగు. వెల్లకిలా పడి గోళ్ళు పైకెత్తి బుసకొట్టింది. గోనెసంచి కప్పి దాన్ని రొమ్ముకి అదుముకున్నాడు. సంచిలోంచి దాని గుండె టకటకా కొట్టుకోవడం అరచేతికి తెలిసింది. తన గుండె కూడా అదే వేగంలో ఉంది. రెండు ప్రాణాలూ బిక్కచచ్చి అలాగే కిందికి జరిగాయి. పిల్లని తట్టలో పెట్టి, పై గూటి నుంచి నాలుగు పుల్లలు తెచ్చి పైన పడేశాడు. మిగతా గూడు విప్పేంత ఓపిక లేదు, తల్లి మళ్ళీ వస్తుందన్న భయం ఒకటి. దిగి, గొలుసులు తీసేసి, నేలమీద కూలబడ్డాడు.

“నీళ్ళు తాగు బావా. మొహం సున్నం కొట్టినట్టుంది,” అని బావమరిది సీసా ఇచ్చాడు.

సీసా ఎత్తి తాగుతూ పైకి చూసిన ధైర్యం నోట్లో నీళ్ళు అలాగే ఉండిపోయాయి. తట్ట ఖాళీ. పిల్ల ముక్కుతో, గోళ్ళతో, రెక్కలతో ఇనుప కమ్మీలు పట్టుకుని పాత ఇంటికి పాక్కుంటూ పోతోంది. గూటి దగ్గర ఆగలేదు. టవర్ చేతి చివరికి పోయి, అక్కణ్ణుంచి గిన్నెల వరస మీదకి దిగింది. కాలు జారి రెక్కలు బార్లా చాపింది. ఒక రెక్క తీగ మీద, ఒక రెక్క ఇనుము మీద. ఇప్పుడు కరెంటు వస్తే బూడిద కూడా మిగలదు.

ధైర్యం లేచి పరుగెత్తాడు, ఎక్కాడు. ఎక్కడం మొదలుపెట్టాక మొట్టమొదటిసారి కాళ్ళు వణకలేదు. కిందికి చూడకూడదన్న సంగతి కూడా గుర్తులేదు. జన్మకో శివరాత్రి అన్నట్టు భయం మరిచిపోయిన ఆ ఒక్కసారే, గొలుసులు మళ్ళీ తగిలించడం కూడా మరిచిపోయాడు.

టవర్ చేతి మీద బోర్లా పడుకుని చివరిదాకా జరిగేసరికి కింద నుంచి కేక వినబడింది. బావమరిది గొంతు అలా పలకడం ధైర్యం ఎన్నడూ వినలేదు.

“బావా! దిగు బావా! ఫోన్ చేసేశాను!”

“ఏమని?”

“నువ్వు దిగావని! నువ్వు నీళ్ళు తాగుతుండగానే! నీ పేరు చెప్పి, నేనే నువ్వన్నట్టు మాట్లాడా! మళ్ళీ చేస్తుంటే ఆపరేటర్ ఎత్తట్లేదు! స్విచ్చి దగ్గరికి పోయినట్టున్నాడు బావా!”

మరిచిపోయిన భయమంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది. చెయ్యి మొలతాడు దగ్గరికి పోయింది. తాళంచెవి ఉంది. చెవి ఉంటే తాళం పడ్డట్టే, ఎందుకంటే ఆ పాత తాళం మూసుకుంటే తప్ప చెవిని వదలదు. అమ్మయ్య అనుకోబోయాడు. భయం ఊరుకుంటుందా! మూసుకుంది సరే, స్విచ్చి పిడికే మూసుకుందా? వెనక ఇన్‌స్పెక్టర్ తరుముతుంటే కంగారులో గాల్లో నొక్కలేదు కదా? పొద్దుటి సంగతి ఎంత గుర్తు చేసుకున్నా “త్వరగా, త్వరగా” అన్న మాట తప్ప మరేదీ గుర్తు రావడం లేదు. తాళం పిడికి పట్టిందో లేదో తెలిసే దారి లేదు.

వెనక్కి జరిగి టవర్ మధ్యలో కూర్చుంటే అతనికి ఏమీ కాదు. జరగాలి కూడా. మామగారి మొండిచెయ్యి కళ్ళముందు ఆడుతోంది. ఇంట్లో మిషను చప్పుడు చెవిలో వినబడుతోంది. కింద బావమరిది “నీకు పుణ్యముంటుంది, దిగు!” అని ఏడుస్తున్నాడు. ఎదురుగా పిల్ల నోరు తెరిచి అతన్నే చూస్తోంది.

“వస్తున్నా ఉండు. కదలకు. నాకూ భయంగానే ఉంది,” అన్నాడు దానితో.

కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. గిన్నెల మీదుగా, తీగ దాకా. ఎక్కడో మెరుపు మెరిసినట్టు, ఒళ్ళు కాలినట్టు ముందే అనిపించింది. వేళ్ళకి ఈకలు తగిలాయి. తర్వాత కాళ్ళు. పట్టుకుని లాగాడు. పిల్ల మణికట్టు కరిచింది. ఆ నొప్పికి కరెంటే కొట్టిందనుకుని కెవ్వుమన్నాడు. కానీ వదల్లేదు. టవర్ నడిమికి ఎలా జరిగాడో గానీ, జరిగాక కమ్మీని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

కింద ఫోన్ మోగింది. ఆపరేటర్ తిట్లు పైదాకా వినబడకపోయినా, బావమరిది వాటిని కేకేసి మరీ అందించాడు. “బావా! స్విచ్చికి నీ తాళం ఉందట! కంపెనీ తాళం తీసేసి, నీది రాక, పగలగొట్టడానికి రాయి కోసం వెతుకుతుంటే ఫోన్ మోగిందని వచ్చాడట! వద్దని చెప్పా బావా! నువ్వు పైనే ఉన్నావని చెప్పా!”

ధైర్యం మొలతాడుకున్న చెవిని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

తర్వాత అతను చేసిన పని నిదానంగా చేశాడు. మొదట బావమరిది తాడుతో గోనెసంచీ గొలుసులూ పైకి పంపితే, పిల్లని సంచిలో చుట్టి కమ్మీకి కట్టి, గొలుసులు తీగలకి తగిలించాడు. పాత గూడు మొత్తం మోపులు మోపులుగా దించి, తట్టలో పెద్ద పుల్లలు చుట్టూ గోడలా, లోపల మెత్తటి గడ్డి పరుపులా పేర్చాడు. పిల్లని అందులో దింపాడు. పాత వాసన తగిలిందేమో, అది ముడుచుకుని కూర్చుంది. ధైర్యం గొలుసులు తీసి దిగాడు. దూరంగా కొండ మీద చెట్టు చివర తల్లి కూర్చునుంది. రావడం లేదు. రాకపోతే పిల్ల ఆకలికి మళ్ళీ పైకి పాకుతుంది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. ఆ గొంతు వింటేనే ధైర్యానికి మామూలుగా నీళ్ళు నమలడం తప్ప ఏమీ చేతకాదు.

“ఏమయ్యా, దిగావా? దిగితే లైన్ క్లియర్ తిరిగి ఇచ్చి చావు!”

ధైర్యం ఒక కాలెత్తి టవర్ మొదటి మెట్టు మీద పెట్టాడు.

“లేదు సార్. ఇంకా టవర్ మీదే ఉన్నాను.”

“ఎంతసేపు?”

“పని అయ్యేదాకా సార్.”

“నీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?”

“భయంగానే ఉంది సార్,” అన్నాడు ధైర్యం. కాలు మాత్రం తియ్యలేదు.

ఎండ వాలింది. ఆ కాలు తిమ్మిరెక్కితే ఇంకో కాలు పెట్టాడు. బావమరిది పక్కన నిలబడి తన భుజం ఆసరా ఇచ్చాడు. చివరికి తల్లి లేచింది. గోళ్ళలో చేప ఉంది. టవర్ చుట్టూ తిరిగింది, పాత చోటు మీద వాలింది, వెతికింది. కింద నుంచి పిల్ల కీచుమంది. తల్లి మెడ వంచి చూసింది. అది రెక్కలు ముడిచి, తట్ట అంచు మీదకి దిగి, చేప చీల్చడం మొదలుపెట్టింది.

అప్పుడు కాలు నేలమీద పెట్టి, ఫోన్ తీసుకుని, తన నోటితో తాను చెప్పాడు. “దిగాను.”

సబ్‌స్టేషన్‌లో స్విచ్చి దగ్గర నిలబడితే చెవి తాళంలో దూరదు. చేతులు అంతగా వణుకుతున్నాయి. బావమరిది దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

“నేను తియ్యనా బావా?”

“వద్దు. నాదే కదా.”

బావమరిది ఆ ఇత్తడి తాళాన్నే చూస్తున్నాడు. తండ్రి చేతిలో చిన్నప్పటి నుంచీ చూసిందే. “నాన్న నాకివ్వకుండా నీకిచ్చాడని కోపంగా ఉండేది,” అన్నాడు. “ఇదెక్కడ దొరుకుతుంది బావా? ఇలాంటిదే కావాలి.”

ధైర్యం ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని మొత్తానికి తాళం తీశాడు. లైను ఇచ్చారు. ఈసారి ట్రిప్ కాకుండా నిలిచింది.

ఇంటికొచ్చేసరికి భార్య మిషను మీద ఉంది. చిరిగిన చొక్కా, కట్టు కట్టిన మణికట్టు చూసి తొక్కడం ఆపింది.

“తట్ట కుట్లు ఆగాయా?”

“ఆగాయి.”

“మీకు భయం వెయ్యలేదూ?”

ధైర్యం ఆమె పక్కన పీట మీద కూర్చుని, మామగారి తాళం ఆమె ఒళ్ళో పెట్టాడు. “ఎందుకు వెయ్యలేదే! కరెంటు వస్తుందో రాదో తెలియక తీగ మీదకి చెయ్యి చాపుతుంటే నువ్వే కనిపించావు,” అన్నాడు. అప్పుడు ఆమెకి వణుకు మొదలైంది.